యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే పప్పు, టమాటా, చేపలు అన్నీ మానేయాలా?

యూరిక్ యాసిడ్ 8.4 వచ్చింది, బొటనవేలు ఒకసారి వాచి తగ్గింది, పప్పు, టమాటా, పాలకూర, చేపలు అన్నీ మానేయమంటున్నారు, ఇక ఏం తినాలి అని అడిగారు. ముందు పప్పు మానకండి తమ్ముడూ. మా ఆయనకి గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో చేరి వచ్చే వాపు నొప్పి, వచ్చి చాలా ఏళ్లయింది. ఇంట్లో వంట చేసేది, మందులు చూసేది నేనే కాబట్టి తెలిసింది చెప్తున్నా.

పప్పుల్లో, పాలకూరలో ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, ఉన్నమాట నిజమే. కానీ 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో వాటివల్ల గౌట్ ముప్పు పెరగలేదు. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకే పెరిగింది. పాలు, పెరుగు బాగా తీసుకున్నవాళ్లకి తగ్గింది కూడా. టమాటాలో ప్యూరిన్లు తక్కువే. తిన్న ప్రతిసారీ మీకు నొప్పి వస్తుంటే అప్పుడు తగ్గించండి.

మన వైజాగ్ వాళ్లకి అసలు కష్టం చేపల దగ్గరే. పప్పుచారు అన్నంలోకి ఎండు నెత్తళ్ళ వేపుడు లేకపోతే మా ఆయనకి ముద్ద దిగేది కాదు. నెత్తళ్ళు, కవళ్ళలో ప్యూరిన్లు చాలా ఎక్కువ. అవి మా ఇంటికి రావడం మానేశాయి. హార్బర్‌కి వెళ్తే ఇప్పుడు కోనాం గానీ చందువా గానీ తెస్తాం, వారానికి ఒక పూట పులుసు, ఆయనకి రెండు ముక్కలు. అవీ చేపలే కాబట్టి కొలత తప్పనివ్వను. లివర్, బోటీ పూర్తిగా బంద్. బీరు కూడా అంతే. కూల్ డ్రింకుల సంగతి చాలామంది పట్టించుకోరు. వాటి చక్కెరలో ఉండే ఫ్రక్టోజ్ ఒంట్లో యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. మన ఉక్కపోతకి చెమట ధారలు కడుతుంది కదా, దానికి నీళ్లు, పల్చటి మజ్జిగ తాగండి. కార్తీక సోమవారాలు నీళ్లు కూడా ముట్టకుండా ఉండే అలవాటుంటే మానుకోండి. బరువు తగ్గడం మంచిదే, కానీ పస్తులుండి ఒక్కసారిగా తగ్గితే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది.

అయితే తిండి మార్చుకున్నంత మాత్రాన 8.4 కాస్తా 6 లోపుకి రావడం కష్టం. యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండొంతులు ఒంట్లోనే తయారవుతుంది. చాలామందిలో కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేకపోవడమే అసలు సమస్య. 6.8 దాటితే అది స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరగలదు. అందుకే గౌట్ ఉన్నవాళ్లకి 6 లోపు ఉంచమంటారు. వాపు, నొప్పి ఏమీ లేకుండా రిపోర్టులో అంకె మాత్రమే ఎక్కువుంటే చాలామందికి మందు అక్కర్లేదు. మీకు వేలు వాచింది కాబట్టి డాక్టర్‌కి చూపించుకుని, అది గౌటేనా కాదా తేల్చుకోండి.

మా ఆయనకి మొదటిసారి అర్ధరాత్రి వచ్చింది. వేలు ఎర్రగా నిగనిగలాడుతూ, దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడిపోయారు. నొప్పి మీదుండగా చేసిన టెస్టులో యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంది! నొప్పి సమయంలో అలా తక్కువ చూపించవచ్చట. వాపు తగ్గి రెండు వారాలు దాటాక మళ్లీ చేస్తేనే అసలు అంకె తెలిసింది. ఆ నొప్పిలో నూనె రాసి మర్దన చేయొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి.

తర్వాత యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ మాత్ర 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. తొలి నెలల్లో నొప్పి మళ్లీ వచ్చింది. పాత స్ఫటికాలు కరిగేటప్పుడు అలా అవుతుంది, మాత్ర ఆపొద్దని చెప్పి డాక్టర్ ఆ నొప్పి రాకుండా కోల్చిసిన్ అనే మందు తోడు ఇచ్చారు. ఇక్కడే చాలామంది మందు వదిలేస్తారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, అది ప్రమాదం. మెడికల్ షాపులో అడిగి పెయిన్ కిల్లర్లు తెచ్చుకోవద్దు, కిడ్నీలో తేడా ఉంటే ఇంకా దెబ్బతింటాయి.

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ మీకు ఎంతుందో రాయలేదు. బీపీకి మాత్రలేమైనా వేసుకుంటున్నారా? కొన్నిటిలో ఉండే థయజైడ్ అనే మూత్రం ఎక్కువ పోయించే మందు యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. మీ అంతట మీరు ఆపకండి, ఆ స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించి, బదులు వేరేది ఉందేమో అడగండి.