చిట్టాలో దొరికే నాన్న
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా నాన్నగారు పలాసలో జీడిపప్పు వ్యాపారం చేశారు. ఐదో తరగతితో చదువు ఆపి పిక్కలు కొట్టే పనిలో చేరి, తర్వాత సొంతంగా చిన్న ఫ్యాక్టరీ పెట్టారు. కానీ ఒకచోట కాలు నిలిచే మనిషి కాదు. చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి నెలకో రెండు నెలలకో వచ్చేవారు. డైరీ రాసే అలవాటు లేదు. సంవత్సరీకానికి ఆయన జీవితం చిన్న పుస్తకంగా వేసి పంచాలనుకుంటున్నాం. ఇంకా ఐదు నెలలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: డైరీ లేకపోతే ఏం, వ్యాపారం చేసిన మనిషికి చిట్టా ఉంటుందమ్మా. ముందు అటక మీది ట్రంకుపెట్టె దింపించండి. ఆవర్జాలో (పేరు వారీగా ఖాతాలు రాసే పుస్తకంలో) ఎవరెంత బాకీయో తెలుస్తుంది, రోజువారీ చిట్టాలో ఆ రోజు ఎలా గడిచిందో తెలుస్తుంది. మీకు కావలసింది చిట్టానే.

అందులో మొదట చేతిరాత చూడండి. ఆయన ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన రాతే, లేనప్పుడు గుమస్తాదో మీ అమ్మగారిదో. రాత మారిన పేజీ నుంచి మళ్లీ ఆయన రాత కనిపించే పేజీ దాకా తేదీలు వరసగా ఎక్కించుకుంటూ పోతే ఆయన తిరుగుళ్ల పట్టీ దానంతటదే తయారవుతుంది. తర్వాత, ఆయన తిరిగొచ్చిన రోజు పద్దు చూడండి. దారి ఖర్చు, బత్తెం, లారీ కిరాయి కింద ఏ ఊరి పేరుందో గమనించండి. ఉద్దానంలో పిక్కలు ముఖ్యంగా మార్చి నుంచి మే దాకా దిగుతాయి. ఆ నెలల్లో వెళ్లారంటే చాలావరకు సరుకు కోసమే అయ్యుంటుంది. నడి వానాకాలంలో, లారీ కిరాయి పద్దు లేకుండా వెళ్లొచ్చారంటే అది ఆయన సొంత సరదా. ఇంట్లోవాళ్లు ఈ రెండింటినీ కలిపి ‘దేశదిమ్మరి’ అనేసి ఉంటారు. పుస్తకంలో విడదీసి రాయండి. సరదా ప్రయాణాలను దాచకండి, ఆయన మనిషి అక్కడే కనిపిస్తారు.

ప్రోనోట్లు దొరికితే వెంటనే ఆ తేదీ నమ్మేయకండి. ప్రోనోటుకి కాలపరిమితి మూడేళ్లు. అందుకే గడువు దగ్గర పడగానే అసలూ వడ్డీ కలిపి కొత్తది రాయించుకుంటారు. చేతికొచ్చింది 1994 నోటయితే అసలు అప్పు 1991దో 1988దో కావచ్చు. మొత్తం పదివేలు, ఇరవైవేలు అని గుండ్రంగా లేకుండా ‘పదిహేడు వేల నాలుగు వందల అరవై’ అని ఉంటే తిరగరాసిన నోటేమోనని అనుమానించండి. షెడ్డు స్థలం ఎప్పుడు కొన్నారో తెలియాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీయించండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకు ముందువి పాత పుస్తకాల్లో వెతికించాలి.

‘ఎవరి అండా లేకుండా పైకొచ్చారు’ అనే వాక్యం ఇలాంటి పుస్తకాల్లో తప్పకుండా ఉంటుంది. అది రాసేముందు బంగారం తాకట్టు చీటీలు, బ్యాంకు లోను కాగితాల్లో హామీ సంతకాలు ఒకసారి చూడండి. మొదటి బాయిలరు మీ అమ్మగారి గొలుసుతో వచ్చిందో, మేనమామ సంతకంతో వచ్చిందో అక్కడ తేలుతుంది. ఆ పేర్లు రాస్తే నాన్నగారి గొప్పతనం ఏమీ తగ్గదు.

ఇక మనుషులు. బంధువుల కన్నా ముందు ఆయన దగ్గర పనిచేసినవాళ్లని కలవండి: పొట్టు తీసిన ఆడవాళ్లు, కళాసీలు, లారీ డ్రైవర్లు, పిక్కలు తెచ్చిన దళారులు. ‘నాన్న ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేముడు బాబూ’ అని ఊరుకుంటారు. ‘కూలి ఏ రోజు ఇచ్చేవారు? సరుకు అమ్ముడుపోని వారం ఏం చేసేవారు? బద్ద ఎక్కువొస్తే ఎవర్ని తిట్టేవారు?’ అని అడగండి. గుండు విరిగి బద్దయితే ధర పడిపోతుంది కదా, ఆ కోపం ఎలా ఉండేదో పొట్టు తీసినవాళ్లకే తెలుసు. ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టొద్దు. గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే రెండోవాళ్లకీ జ్ఞాపకం అయిపోతుంది. పెద్దవాళ్లయితే ముప్పావుగంటకి ఆపేయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను కట్టేసి, మూరెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. మొదట తేదీ, పేరు పైకి చెప్పండి. గంట రికార్డింగు కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అందుకే ఎనిమిది పది మందితో సరిపెట్టండి.

ఏళ్లు గుర్తులేవంటే తుఫాన్లతో పట్టుకోవచ్చు, కానీ జాగ్రత్త. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ‘దసరాలప్పుడొచ్చిన తుఫాను’ అంటే మూడింట్లో ఏదైనా కావచ్చు. ‘మీ జీడితోట పడిపోయింది ఆ తుఫానుకేనా?’ అని అడగండి. పలాస చుట్టుపక్కల ఆ జవాబు చాలాసార్లు తిత్లీ దగ్గరికే తెస్తుంది. నౌపడా–గుణుపురం చిన్న రైలు 2004లో ఆగింది. అది ఎక్కి వెళ్లారంటే ఆ ప్రయాణం అంతకు ముందుదే. క్రోధి, విశ్వావసు అని తెలుగు సంవత్సరం చెబితే రెండు ఇంగ్లీషు సంవత్సరాలూ రాసుకోండి. క్రోధి అంటే 1964 ఉగాది నుంచి 1965 ఉగాది దాకా.

ఆయన ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయించకండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తొలగిస్తారు, మీకు ఇప్పటికే ఏడు నెలలయింది. అయినా ఆ ఫోన్‌లో దిగిన వాయిస్ మెసేజీలు యాప్ తీసేయనంత వరకూ అందులోనే ఉంటాయి. ఆయన మీకు పంపినవి మీ ఫోన్‌లోనే ఉన్నాయి. ఈ రోజే కంప్యూటర్లోకి ఎక్కించండి.

ఆయన మాటలు రాసేటప్పుడు ‘ఏటి’ని ‘ఏమిటి’ చేయకండి. ‘ఎల్లిపోనాను’ అన్నది ‘వెళ్లిపోయాను’ అయితే ఇంకెవరో మాట్లాడినట్టుంటుంది. డీటీపీ చేసేవాళ్లు తప్పనుకొని దిద్దేస్తారు, ముందే చెప్పి పెట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారిది రాజాం. పాత దస్తావేజుల్లో ‘శ్రీకాకుళం జిల్లా’ ఉంది, ఇప్పుడు మాది విజయనగరం జిల్లా. పుస్తకంలో ఏది వేయాలి?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: ఆ సంఘటన జరిగిన నాటికి ఏది ఉంటే అదే. రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరంలోకి వచ్చింది. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. అంతకు ముందు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు కూడా శ్రీకాకుళంలోవే. దస్తావేజులో తాలూకా అని ఉంటే తాలూకా అనే రాయండి, మండలాలు 1985లో వచ్చాయి. చదివేవాళ్ల కోసం మొదటిసారి వచ్చినచోట ‘ఇప్పటి విజయనగరం జిల్లా’ అని కలిపితే చాలు.

ప్రశ్న: నాన్నగారు వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటే ఉంది, అదీ ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఎలా తీయాలి?
– బొబ్బిలి

జవాబు: తీయకండి. చెమ్మకి ఫోటో పైపూత అద్దానికి పట్టేసింది. లాగితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. వేడి చూపించడం, నీళ్లలో నానబెట్టడం ఇంట్లో చేసే పనులు కావు. అద్దం పైభాగం తుడిచి, అద్దంతోనే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పాస్‌పోర్టు సైజయితే 1200. స్కానరు మీద పట్టకపోతే రెండు పక్కలా 45 డిగ్రీల్లో దీపాలు పెట్టి, గదిలో మిగతా లైట్లు ఆపి, కెమెరాతో ఎదురుగా తీయించండి; మెరుపు రాదు. ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పలచబడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మిగతా ఫోటోల వెనక పేర్లు పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిలుతో రాయండి. పాత కాగితాలకి లామినేషన్ మాత్రం వద్దు, చేశాక వెనక్కి తీయలేరు. ఇంకో మాట: అట్టకి దండ వేసిన ఫోటో వేయకండి. ఆయన పనిలో ఉన్న ఫోటో ఏదైనా, కాస్త మసకగా ఉన్నా, అదే వేయండి.

ప్రశ్న: ఎన్ని పేజీలు, ఎన్ని కాపీలు వేస్తే మంచిది? అప్పుల సంగతి రాయొచ్చా?
– విజయనగరం

జవాబు: డెమ్మీ 1/8 సైజులో 48 పేజీలు సరిపోతాయి. పేజీకి సుమారు 200 మాటలు పడతాయి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర తెల్లకాగితాలు మిగులుతాయి. లోపల 70 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) మ్యాప్‌లిథో, ఫోటోలకి మధ్యలో నాలుగు పేజీలు 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు, అట్టకి 300 జీఎస్‌ఎం. వంద, నూట యాభై కాపీలయితే డిజిటల్ ప్రింటింగు చవక. ఐదు వందలు దాటితే ఆఫ్‌సెట్‌కి వెళ్లండి. యూనికోడ్‌లో టైపు చేసినది ప్రెస్సువాళ్ల ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. మూడుసార్లు ప్రూఫు చూడండి, ఒకసారి అంకెలూ ఇంటిపేర్లూ మాత్రమే.

అప్పులు రాయొచ్చు, రాయాలి కూడా. తీర్చినవాటికి ఎంత, ఎప్పుడు తీరిందో రాయండి. బతికున్న అప్పులవాళ్ల పేర్లు వాళ్లనడిగి వేయండి. ప్రోనోటు బొమ్మ వేస్తే సంతకాలు, ఖాతా నంబర్లు కప్పేయించండి. ఇంకా తీరని బాకీ ఉంటే ముందు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడుకోండి, పుస్తకం సంగతి తర్వాత.