వాక్కాయ వేసేముందు చోటు చూడమ్మా

చి.ల.సౌ. అమ్మలూకి మేనత్త ఆశీస్సులు.

కొత్త ఇంటి పెరట్లో వాక్కాయ వేద్దామనుకుంటున్నానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. షో మొక్కలకు వేలు పోసే రోజుల్లో మన నేల మీద పుట్టిన చెట్టును కోరుకున్నావు. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతానని తీరిగ్గా రాస్తున్నాను.

మొక్క కొనేముందు చోటు చూడు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాక్కాయ ముళ్ళు గులాబీ ముళ్ళలాంటివి కావు. కణుపు కణుపుకీ జంటగా వస్తాయి, అంగుళం పైన పొడవుంటాయి, ఎండేకొద్దీ ఇంకా గట్టిపడతాయి. హవాయి చెప్పును గుచ్చుకుని పాదం దాకా దిగుతాయి. అందుకని బట్టలారేసే తీగ దగ్గర, మోటారు దగ్గర, స్కూటర్ పెట్టేచోట వద్దే వద్దు. పెరటి చివర ఎండ బాగా పడే మూల చూసి, ప్రహరీకి నాలుగైదు అడుగులు ఇవతల పెట్టు. గోడకు ఆనించి పెడితే అవతలి పక్క కొమ్మలు కొయ్యడానికి చెయ్యి దూరదు. నీడలో పెడితే బతుకుతుంది, ఆకు వేస్తుంది, కాయ మాత్రం సరిగా కాయదు.

అల్లుడుగారు కంచెగా వేద్దామంటున్నారన్నావు. రెండు మూడు అడుగులకొకటి వేస్తే కుక్క కూడా దూరదు, నిజమే. కానీ కంచెను ఎప్పుడూ కత్తిరిస్తూ ఉండాలి, కత్తిరించినచోట కాయలుండవు. నా మాట వింటే రెండు మొక్కలు చాలు. ఏడెనిమిది అడుగుల ఎడంతో పెట్టి, వాటి మానాన వాటిని గుబురుగా పెరగనివ్వండి.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. వాక్కాయ, గన్నేరు ఒకే కుటుంబం. కొమ్మ తుంచితే రెండిటికీ తెల్లటి పాలు కారతాయి. మీ చంటివాడు రేపు వాక్కాయ కోసుకు తినడం నేర్చాక, పాలు కారే చెట్టు కాయలన్నీ తినేవే అనుకుంటే ప్రమాదం. పచ్చగన్నేరు కాయలో గింజ ప్రాణం తీసే విషం. ఇంటి ముందు పచ్చగన్నేరు ఉందన్నావు కదా, అది తీయించాకే వాక్కాయ పెట్టు. పూజకు పూలు కావాలంటే మందారం వేసుకో.

మొక్క ఎక్కడ దొరుకుతుందని అడిగావు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు మీ ఊళ్ళోనూ దొరుకుతాయి. గాలి అంటు కట్టినది అడుగు, అది రెండో మూడో ఏడే కాపుకొస్తుంది. గింజ మొక్క ఇంకో ఏడాది పైన ఆగుతుంది, కాయ తల్లిచెట్టు లాగే ఉంటుందని హామీ లేదు. కొన్నిచోట్ల దక్షిణాఫ్రికా రకాన్ని వాక్కాయ అని అంటగడతారు. ఆకు దళసరిగా, నున్నగా ఉండి, ముల్లు కొస రెండుగా చీలి ఉంటే అదేనని తెలుసుకో. దాని పండూ తినొచ్చు, కానీ మన పప్పులోకి అది పనికిరాదు.

నేల గురించి పెద్ద టెన్షన్ వద్దు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు మట్టిలో కలిపి, వానలు పట్టాక నాటు. నరసరావుపేటలో మీది నల్లరేగడి కాబట్టి చుట్టూ మట్టి ఎగదోసి, జానెడు మిట్ట చేసి దాని మీద పెట్టు. దీనికి ఎండంటే భయం లేదు, మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తేనే కష్టం. మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు పొయ్యి, రెండో ఏడు వారానికోసారి, ఆ తర్వాత బాగా వడలితే తప్ప అక్కర్లేదు. కడప జిల్లా లంకమల కింద రాళ్ళనేలలో దీని తోబుట్టువు కలివి పొదలు ఎవరూ చుక్క నీరు పొయ్యకుండానే పెరుగుతాయి. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్ళీ కనిపించింది ఆ పొదలున్న అడవిలోనే. అలాంటి జాతి మొక్కకు రోజూ నీళ్ళు, నెలనెలా యూరియా వేస్తే కొమ్మలూ ముళ్ళూ ఏపుగా వస్తాయి, పూత రాదు. ఏడాదికోసారి తొలకరికి ఒక తట్ట ఎరువు చాలు.

పూత మాఘ ఫాల్గుణాల్లో, కొమ్మల చివర్న గుత్తులుగా వస్తుంది. తెల్లగా, సన్నటి వాసనతో, దగ్గర్నుంచి చూస్తే చిన్న సన్నజాజిలా ఉంటుంది. అందుకే సంక్రాంతికి ఇల్లూ వాకిలీ శుభ్రం చేస్తూ దాన్నీ కత్తిరించెయ్యకు, ఆ ఏటి కాపు పోయినట్టే. కాపు అయిపోయాక దసరా నాటికి ఎండు కొమ్మలు, నేలను తాకేవి, లోపలికి పెరిగినవి తీసెయ్యి. కొట్టిన కొమ్మలను ఆ పూటే ఏరి కాల్చెయ్యాలి. ఒక్క రెమ్మ దారిలో మిగిలినా ఎవరి కాల్లోనో, ఏ టైర్లోనో దిగుతుంది. పికిలిపిట్టలు దానిలో గూడు కడితే మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా కత్తి ముట్టించకు. పిల్లి చేరలేని చోటని చూసుకునే అవి వస్తాయి.

కాయ కోసేటప్పుడు చేతికి, చాకుకి కాస్త నూనె రాసుకో, లేకపోతే జిగురు వదలదు. పుల్లటి కాయ కావాలంటే ఆకుపచ్చ మీద గులాబీ రంగు తిరిగినప్పుడు కొయ్యాలి. రెండుగా చీల్చి, చాకు మొనతో గింజలు తీసి, ఉప్పు నీళ్ళలో వేస్తే పాలు విరుగుతాయి. పప్పులోకైతే కందిపప్పు మెత్తగా ఉడికాకే కాయ వెయ్యి. కుక్కర్లో రెండూ కలిపి పెడితే పులుపుకు పప్పు బిరుసెక్కి ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు. పచ్చిమిర్చితో రోటిపచ్చడికి ఇంకా లేతకాయ బాగుంటుంది. బేకరీ కేకుల మీద ఎర్రగా పెట్టే చెర్రీ కూడా చాలాసార్లు రంగేసి పంచదార పాకంలో ఊరబెట్టిన వాక్కాయే, ఈసారి గమనించు.

నర్సరీ మొక్క తెచ్చుకున్నా, మా చెట్టు గింజలు కూడా నాలుగు వేసుకో. నల్లగా పండిన పళ్ళు పదిహేను దాకా మీ బావ చేత వచ్చే ఆదివారం పంపిస్తాను. గింజ ఎండితే మొలవదు, దాచిపెట్టి తర్వాత వేద్దామనుకోకు. అందిన రోజే గుజ్జు కడిగి, పైతడి మాత్రం ఆరేలా రాత్రంతా నీడన ఉంచి, తెల్లారి మట్టి కవర్లలో అరంగుళం లోతున వెయ్యి. మొలక రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపు తవ్వి చూడకు.

ఆశీస్సులతో,
మీ మేనత్త