క్రోషియా ఫేస్ ప్యాడ్లు సొంతంగా అల్లుకుంటే నిజంగా చవకా?

మేకప్ తుడుచుకోవడానికి, టోనర్ రాసుకోవడానికి ఉతికి మళ్లీ వాడే క్రోషియా ప్యాడ్లు ఇంట్లో అల్లుకుంటే డబ్బు మిగులుతుందా, ఆన్‌లైన్‌లో సెట్టు కొనేయడమే మేలా అని అడిగారు కదా. నేను అనంతపురంలో ఉంటాను, రెండేళ్లుగా ఇవే వాడుతున్నాను. మీకు ఇప్పటికే హుక్ పట్టడం వచ్చుంటే అల్లుకోండి. రాకపోతే వీటి కోసమే నేర్చుకుని సామాను కొనడం దండగండీ.

నేను వాడేది 8 ప్లై (మధ్యరకం మందం) కాటన్ దారం, 4 మి.మీ. హుక్. మ్యాజిక్ రింగ్ (లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు) వేసి మొదటి వరసలో 12 డబుల్ క్రోషేలు (పొడుగు కుట్లు), రెండో వరసలో 24, అంచుకు ఒక వరస సింగిల్ క్రోషే (పొట్టి కుట్టు), అంతే, 7 సెం.మీ. దాకా గుండ్రంగా వస్తుంది. వంటింట్లో ఉన్న చిన్న కాటా మీద పెట్టి చూస్తే ఒక్కోటి దాదాపు 6 గ్రాములు తూగింది, అంటే 100 గ్రాముల ఉండకు 16 వస్తాయి. ఉండ నాకు 180 రూపాయలు పడింది. ప్యాడుకు 11 రూపాయల చిల్లర. రోజుకు రెండు చొప్పున వారానికి 14 చాలు కాబట్టి ఒక మనిషికి ఒక్క ఉండ సరిపోతుంది. ముందు నేను వాడి పారేసే దూది ప్యాడ్లు కొనేదాన్ని, 80 ఉండే ప్యాకెట్ 130 రూపాయలు, 40 రోజులకే ఖాళీ, ఏడాదికి 9 ప్యాకెట్లు, 1,170 రూపాయలు చెత్తబుట్టలోకి.

ఇంతవరకూ అందరూ వేసే లెక్కే. ఎవరూ వేయనిది చేతి లెక్క. కొసలు లోపలికి దూర్చి కత్తిరించడంతో కలిపి నాకు ఒక్కోదానికి 20 నిమిషాలు పడుతుంది, 16 అల్లాలంటే ఐదు గంటల పైమాటే. గంటకు 60 రూపాయలే వేసుకున్నా దారంతో కలిపి ప్యాడు 31 రూపాయలు అవుతుంది. ఆన్‌లైన్‌లో నేను చూసిన చేతి అల్లిక సెట్టు 10 ప్యాడ్లు, ఉతికే వల సంచితో 350. అది ఎక్కువ ధర కానే కాదు. స్వెట్టర్లు మిషన్ మీద వస్తాయి గానీ క్రోషియా ఇప్పటికీ చేత్తో అల్లాల్సిందే, కాబట్టి 10 ప్యాడ్లు 99 రూపాయలకు దొరికాయంటే ఎక్కడో ఒక ఆడమనిషికి కూలి ఎగ్గొట్టినట్టే లెక్క. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ల చేతికి ఎంత తక్కువ వస్తుందో ఎన్నేళ్లుగానో వింటున్నాం. నన్ను కూడా "దారం ఖర్చే కదా, పదిహేనుకు ఇవ్వక్కా" అని అడుగుతారు. ఊరికే కావాలంటే ఇస్తాను, పదిహేనుకు మాత్రం అమ్మను.

దారం కొనేటప్పుడు జాగ్రత్త. మొదటిసారి పాతూరులో ఒక షాపాయన కాటనే అంటే నమ్మి తెచ్చుకున్నాను, ఎనిమిది అల్లాక చూస్తే రోజ్ వాటర్ పీల్చుకోదు, ముఖం మీద జారిపోతుంది. అది అక్రిలిక్ అనే కృత్రిమ దారం. అప్పటినుంచి చిన్న ముక్క కాల్చి చూస్తాను: కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, అక్రిలిక్ కరిగి గట్టి ముద్ద కడుతుంది. లేత రంగులే తీసుకోండి, ముదురువి రంగు దిగే అవకాశం ఎక్కువ.

మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, నాలుగు ఉతుకులకే ప్యాడ్లు అట్టల్లా బిరుసెక్కుతాయి. ఆఖరి జాడింపు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపితే మెత్తబడతాయి. కంఫర్ట్ లాంటివి వేయకండి, దారానికి పూతలా పట్టి నీళ్లు పీల్చుకోనివ్వవు. ఎండకు మనకు కొదవ లేదు కాబట్టి పూర్తిగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టుకోండి.

కాటుక తుడవడానికి మాత్రం నేను కూడా క్రోషియా వాడను, కంటి రెప్పకు గరుకుగా తగులుతుంది. మా అవ్వ పాత నూలు చీరను నాలుగు పొరలు వేసి గుండ్రంగా కత్తిరించి మిషన్ మీద అంచు కుట్టుకున్నాను, ఖర్చు ఏమీ లేదు. మీకు అల్లిక రాకపోతే ముందు ఇవి నాలుగు కుట్టుకుని నెల రోజులు వాడి చూడండి.