దిండులా మడతపడే బొంత: సంచీ ఎటు కుట్టాలి?

అరకు రైలు ప్రయాణానికి దిండుగా మడతపడే బొంత కుట్టాలంటే సంచీ ఎక్కడ వేయాలని అడిగారు. బొంత 45 × 72 అంగుళాలైతే 18 అంగుళాల చదరపు సంచీ సరిపోతుంది. దాన్ని బొంత వెనకవైపు, కాళ్ల అంచు మధ్యలో పెట్టండి. చాలామంది తప్పేది ఇక్కడే: సంచీ అందమైన ముఖం బొంతకు ఆనాలి, తిరగేసినప్పుడు అదే బయటికొస్తుంది. అంచు వైపు, రెండు పక్కలా కుట్టి, బొంత నడిమి వైపు నోరు వదిలేయండి. మూలల్లో రెండుసార్లు కుట్టండి, లాగుడంతా అక్కడే పడుతుంది. తర్వాత బొంతను నిలువుగా మూడు మడతలు వేసి, సంచీని తిరగేసి, మిగతాది లోపలికి మడవండి. విశాఖ ఉక్కపోతకు దూది మందంగా వద్దు. అమ్మమ్మ పాత నూలు చీరలుంటే ఇంకా హాయి.