పరాన్నజీవుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, పంపించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం. కాలా అజార్ పరాన్నజీవిలో డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైమ్‌ల మీద సెమినార్ ఇచ్చిన దగ్గర్నుంచి, అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంత చిన్న విషయాన్ని నమ్ముకోవచ్చా? బీఈడీ చేయించడం నయమా?
- ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీ అమ్మాయిని అంతగా పట్టేసిన విషయమేమిటో ముందు చెబుతానండీ. కాలా అజార్‌ను తెచ్చేది లీష్మానియా అనే ఏకకణ జీవి. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుడితే ఒంట్లోకి చేరుతుంది. బిహార్, జార్ఖండ్ పల్లెల్లో పేదలను దశాబ్దాలుగా పీడించిన జబ్బు ఇది. పరాన్నజీవి లోపలికి రాగానే మన తెల్ల రక్తకణాలు తమ డీఎన్‌ఏనే వలలా విసిరి పట్టుకోబోతాయి. అది తన పైపొర మీది ఎంజైమ్‌తో ఆ వలను కోసుకుని తప్పించుకుంటుంది. బతకడానికి కావాల్సిన ప్యూరిన్లను, అంటే డీఎన్‌ఏ తయారీకి ముడిసరుకును, సొంతంగా తయారు చేసుకోలేదు కాబట్టి, వాటిని సంపాదించుకోవడానికీ అదే ఎంజైమ్ సాయపడుతుంది.

ఇలా డీఎన్‌ఏను కత్తిరించే ఇంకో ఎంజైమ్, ఇంకో కత్తెర, దాని లోపలే ఉంది. పేరు ఎండోన్యూక్లియేజ్ జీ. మామూలప్పుడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. కాలా అజార్‌కు వాడే మిల్టెఫోసిన్ లాంటి మందు దెబ్బ తగిలితే కేంద్రకంలోకి చేరి, పరాన్నజీవి సొంత డీఎన్‌ఏనే ముక్కలు చేస్తుంది. ఆ డీఎన్‌ఏను ల్యాబ్‌లో జెల్ మీద నడిపి, ముక్కలను సైజు వారీగా విడదీస్తే అవి నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. మన కణాల చావులో ముఖ్యమైన కాస్పేజ్‌లనే ఎంజైమ్‌లు లీష్మానియాకు లేవు, అంటే అది చచ్చే దారి మనదానికి వేరు. అందుకే, మనకు హాని లేకుండా దాన్ని చంపే మందుకు ఇక్కడ దారి దొరకొచ్చన్న ఆశ.

ఇక ఉద్యోగం సంగతి. విషయం చిన్నదని భయపడకండి. బ్యాక్టీరియాలో ఇలాంటి కత్తెరలను కనిపెట్టినందుకే 1978లో ముగ్గురికి నోబెల్ వచ్చింది, జన్యు ఇంజినీరింగ్ వాటితోనే మొదలైంది. జీన్ క్లోనింగ్, ప్రొటీన్ శుద్ధి, సెల్ కల్చర్ చేతికొస్తే వ్యాక్సిన్, బయోటెక్ కంపెనీల్లోనూ పనికొస్తాయి.

ముందు మంచి చోట ఎమ్మెస్సీ చేయాలి. అందుకు సీయూఈటీ పీజీ, గ్యాట్-బీ, ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె ఇస్తారు. పరిశోధన సంస్థల్లో లక్నోలోని సీడీఆర్ఐ, కోల్‌కతాలోని ఐఐసీబీ ఈ పనికి మంచి చోట్లు. అయితే పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత పర్మినెంట్ ఉద్యోగానికి పోటీ గట్టిగా ఉంటుంది. ఇంట్లో వెంటనే ఆమె జీతం అవసరమైతే మాత్రం ఆ మాట ఇప్పుడే ఆమెతో విప్పి మాట్లాడండి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉంటుంది, చేసిన ప్రయోగం మళ్లీ మళ్లీ చెడుతుంది. ఇంటికొచ్చాక కూడా ఈసారి ఏం మార్చి చేయాలో మీకు చెబుతూనే ఉంటే, పీహెచ్‌డీకి పంపండి.