పోలీసులకు చెబితే లాకప్‌లో వేస్తారా?

ప్రశ్న: మా వీధి చివర బస్‌షెల్టర్‌లో ఒకాయన ఉంటున్నారు. తనలో తానే మాట్లాడుకుంటారు, పెట్టింది సరిగా తినరు. పోలీసులకు చెబితే లాకప్‌లో పడేస్తారేమోనని టెన్షన్.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చెప్పండమ్మా, భయం వద్దు. ఎస్సైగా చేసి రిటైరైనవాణ్ని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 100వ సెక్షన్ ప్రకారం అలాంటివారిని లాకప్‌లో పెట్టనే కూడదు. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. దిక్కులేనివారైతే మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ రాసి, ఇంటివాళ్లను వెతికే బాధ్యత కూడా స్టేషన్‌దే. 112కు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చినప్పుడు మీరూ పక్కనే ఉండండి. యూనిఫాం చూడగానే ఇలాంటివాళ్లు మూటను గుండెకు హత్తుకుంటారు, అన్నం పెట్టే మనిషి ఉంటే కాస్త నెమ్మదిస్తారు. ఆ మూట మాత్రం ఎవరినీ పారేయనివ్వకండి. పాత చీటీయో, ఊరి పేరో, ఫోన్ నంబరో దొరికితే అందులోనే దొరకాలి.