ఇంప్లాంట్ కోసం గుండె మాత్రలు ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 57. కింది దవడలో కుడివైపు చివరి రెండు దవడ పళ్లు రెండేళ్ల క్రితం తీయించుకున్నాను. నమలడం కష్టంగా ఉంది. దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు (ఇంప్లాంట్లు) పెట్టించుకుందామనుకుంటున్నాను. కొరియా కంపెనీవి మంచివా, స్విట్జర్లాండ్‌వా? మూడు రోజుల్లో పళ్లు పెడతామంటున్నారు, నమ్మవచ్చా? ఖర్చెంత? పదేళ్లుగా షుగర్ ఉంది. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఇంప్లాంట్ పెట్టేటప్పుడు రక్తం ఆగదని స్నేహితుడు చెప్పడంతో రక్తం పలుచబడే మాత్రలు వారం నుంచి మానేశాను. చిగురు వాచినప్పుడల్లా మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొరియానా, స్విట్జర్లాండా అన్నది తర్వాత చూద్దాం. మాత్రలు మానేసి వారమైందన్నారు. ఇది చదవగానే మీకు స్టెంట్ వేసిన కార్డియాలజిస్టుతో మాట్లాడండి. రేపటికి వాయిదా వేయవద్దు. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో, ఏ మోతాదులో వేసుకోవాలో వారే చెప్పాలి. మీ రిపోర్టులు చూడకుండా నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. ఈలోగా ఛాతీలో బరువు, చేయి లాగడం, చెమటలు, ఆయాసం, దవడలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోను చేయండి. దవడ నొప్పిని పంటి నొప్పిగా పొరబడి ఇంట్లో కూర్చున్నవారు ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

స్టెంట్ లోహపు జాలీ. దాని మీద రక్తనాళపు లోపలి పొర పూర్తిగా పరుచుకునేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే గుండెపోటు తర్వాత స్టెంట్ పడినవారికి ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వంటి మరో మాత్రను సాధారణంగా ఏడాదిపాటు ఇస్తారు. ఆ తర్వాత కూడా చాలామందికి ఒకటి కొనసాగుతుంది. మీకు ఇంకా ఎనిమిది నెలలే. పన్ను తీసినప్పుడు, ఇంప్లాంట్ పెట్టినప్పుడు రక్తం కంటికి కనిపించే చోట, వేలితో అదిమిపట్టగలిగిన చోట వస్తుంది. గాజ్ గుడ్డతో ఒత్తిపెట్టి, కుట్లు వేసి, అవసరమైతే జెలటిన్ స్పాంజి, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు వాడి ఆపుతాం. స్టెంట్‌లో కట్టిన గడ్డను అలా ఆపలేం. ఈ మాత్రలు వాడుతుండగానే చాలా దంతచికిత్సలు చేస్తారు. మీ స్నేహితుడు మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ నిర్ణయం ఆయనదీ కాదు, మీదీ కాదు. మీ కార్డియాలజిస్టు, దంతవైద్యుడు మాట్లాడుకుని తీసుకోవాల్సింది. ఇంప్లాంట్ అత్యవసరం కాదు కాబట్టి ఏడాది నిండేదాకా ఆగమని వారు చెప్పే అవకాశం ఎక్కువ. ఆగండి, నష్టమేమీ లేదు.

ఇక మెడికల్ షాపు మాత్రలు. ఏవి వాడారో పేర్లు రాయలేదు. ఇలాంటప్పుడు మనవాళ్లు అడిగి తెచ్చుకునేవి సాధారణంగా రెండు: ఒక నొప్పి మాత్ర, ఒక యాంటీబయాటిక్. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు గుండెజబ్బు ఉన్నవారికి మంచివి కావు. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనిని కూడా అడ్డుకోగలదు. షుగర్ ఉన్నవారికి కిడ్నీ భయం అదనం. యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని, వాపు తగ్గగానే మానేస్తే అసలు కారణం అక్కడే ఉంటుంది. పదే పదే చిగురు వాస్తోందంటే పక్క పళ్ల చుట్టూ చీము చేరుతూ ఉండవచ్చు, గారతో ఎముక తరుగుతూ ఉండవచ్చు. దాన్ని శుభ్రం చేయించకుండా మాత్రలతో నొక్కిపెడుతూ వచ్చారు. ఆ నోట్లోనే ఇంప్లాంట్ పెడితే ఆ సూక్ష్మజీవులే దాని చుట్టూ చేరి ఎముకను తినేస్తాయి. మీ రెండు పళ్లు పోయింది కూడా చిగుళ్ల జబ్బు వల్లేనేమో కనుక్కోండి. అందుకే ముందు చిగుళ్ల వైద్యం, తర్వాతే ఇంప్లాంట్. ఎవరైనా చిగుళ్లు చూడకుండానే తేదీ ఇస్తే ఒప్పుకోవద్దు.

షుగర్ ఉందన్నారు, ఎంత ఉందో రాయలేదు. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించండి. 7 శాతం దగ్గర ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 8 దాటితే చాలామంది దంతవైద్యులు తగ్గించుకుని రమ్మంటారు, నేనూ అదే అంటాను. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు, ఎముక సరిగా పట్టదు.

మూడు రోజుల మాట. ఇంప్లాంట్లకు వాడే టైటానియం లోహం ఎముకతో కలిసిపోతుందని గుర్తించిన స్వీడన్ పరిశోధకుడు బ్రానెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగికి ఇంప్లాంట్లు అమర్చారు. అప్పటి నుంచి ఇంప్లాంట్ల ఆకారం, ఉపరితలం ఎంతో మెరుగయ్యాయి, కానీ ఎముక పెరిగి లోహాన్ని పట్టుకోవడానికి సమయం పడుతూనే ఉంది. కింది దవడలో సాధారణంగా రెండు మూడు నెలలు, షుగర్ ఉన్నవారికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. కొందరికి, ముఖ్యంగా చాలా పళ్లు పోయినవారికి, ఇంప్లాంట్లన్నీ కలిపి వెంటనే పళ్లు బిగించే పద్ధతులు ఉన్నాయి. దవడ పళ్ల మీద నమిలే బరువంతా పడుతుంది. మీకు పెట్టాల్సినవి రెండే పళ్లు, పైగా షుగర్, స్టెంట్. మీ విషయంలో ఆ తొందర నాకు నచ్చదు.

పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు బాగా తగ్గిపోతుంది. మీకు రెండేళ్లు గడిచాయి. కింది దవడలో లోపల నరం కూడా వెళుతుంది, దానికి దెబ్బ తగిలితే కింది పెదవి మొద్దుబారుతుంది. అందువల్ల దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ తీయించి, ఎముక ఎంత ఉందో, నరం ఎంత దూరంలో ఉందో కొలిచాకే నిర్ణయం. ఎముక చాలకపోతే అక్కడ ఎముకను చేర్చి పెంచే బోన్ గ్రాఫ్ట్ అవసరం కావచ్చు. చివరి పళ్లే పోయాయి కాబట్టి వెనుక ఆధారం లేదు, రెండు పక్కల పళ్ల ఆధారంతో కట్టే మామూలు బ్రిడ్జి కుదరదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు మిగిలిన మార్గం. ఇంప్లాంట్ వాయిదా పడినన్నాళ్లు అవైనా పెట్టుకోండి, లేకపోతే ఎదురుగా ఉన్న పై పళ్లు కిందికి జారి, తర్వాత క్యాప్ పెట్టడానికి చోటు లేకుండా చేస్తాయి.

కంపెనీ విషయానికొస్తే, పదేళ్ల తర్వాత కూడా విడిభాగాలు దొరికే పేరున్న కంపెనీ ఏదైనా ఫరవాలేదు. పెట్టే చేయి, మీ ఎముక, మీ శుభ్రత అంతకంటే ముఖ్యం. ఇంప్లాంట్ ప్యాకెట్‌తో బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ వస్తుంది, అడిగి తీసుకుని దాచుకోండి. ఖర్చు ఊరిని, ఆసుపత్రిని, గ్రాఫ్ట్ అవసరాన్ని బట్టి మారుతుంది. స్కాన్, ఇంప్లాంట్, పైన పెట్టే క్యాప్ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

సిగరెట్, గుట్కా, ఖైనీ గురించి ఏమీ రాయలేదు. ఉంటే దంతవైద్యుడి దగ్గర దాచవద్దు. స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, మీరు వాడే మందులన్నింటి చీటీలు, మెడికల్ షాపులో కొన్న వాటితో సహా, వెంట తీసుకెళ్లండి. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం మాత్రం కార్డియాలజిస్టుతో మాట్లాడిన తర్వాతే.